జాతర నెగటివ్‌లు బాగా దట్టంగా ఉన్నాయి: రెడ్యూసర్‌లో వేయాలా, వద్దా?

తాతయ్యగుంట వీధి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా మామయ్య స్టూడియో నడిపిన రోజుల్లో గంగమ్మ జాతరలో తీసిన బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లు ఈమధ్య నా చేతికొచ్చాయి. 1980ల నాటివి. 35 ఎంఎం, ఆరేసి ఫ్రేముల ముక్కలుగా కత్తిరించి కవర్లలో పెట్టి ఉన్నాయి. చాలావరకు బాగున్నాయి. రెండు కవర్ల మీద మాత్రం ‘ఓవర్’ అని రాసుంది. జాతరలో భక్తులు వేసే బైరాగి వేషం, తోటి వేషం ఫ్రేములన్నీ వాటిలోనే ఉన్నాయి.

లైటుకెదురుగా పట్టుకుంటే నల్లగా కనిపిస్తున్నాయి. మామూలు నెగటివ్‌కిచ్చే టైమే ఇస్తే పేపరు దాదాపు తెల్లగా వచ్చేస్తోంది. ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పేపరు మీద పెద్దదిగా వేసే యంత్రం) మామయ్యదే, బాగానే పనిచేస్తోంది. ఫార్మర్స్ రెడ్యూసర్ అనే మందులో ముంచితే నెగటివ్‌లు పలచబడతాయని ఒకరు చెప్పారు. అడుగుదామంటే మామయ్య లేరు. ఉన్నవి ఈ నెగటివ్‌లే కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

పాత ఎన్‌లార్జర్, చిత్తూరు

బాబూ, రెడ్యూసర్ సంగతి తర్వాత చూద్దాం. నెగటివ్‌లో నల్లగా కనిపించేది వెండే, అందులో ఒకసారి కరిగితే మళ్లీ రాదు. ముందు నెగటివ్‌ను సరిగా చూడు.

ఫ్రేములకు పైనా కిందా అంచుల్లో ఫిల్మ్ కంపెనీ అక్షరాలు, నంబర్లు ఉంటాయి. అవి ఫ్యాక్టరీలోనే పడినవి. నీ కెమెరాలో వెలుగు ఎక్కువైనా తక్కువైనా వాటికి సంబంధం లేదు, కడిగినప్పుడు ఎంత డెవలప్ అయిందో మాత్రం అవి చెప్తాయి. బొమ్మ దట్టంగా ఉండి, అంచు అక్షరాలు మామూలుగా ఉంటే అది ఓవర్ ఎక్స్‌పోజర్. అక్షరాలు కూడా లావెక్కి, చుట్టూ పొగ కమ్మినట్టుంటే డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంది, లేదా నీళ్లు వేడిగా ఉన్నాయి. జాతర జరిగేది మే నెలలో, ఆ ఎండల్లో కడిగిన ఫిల్మ్‌కు రెండోది కొత్తేమీ కాదు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ జాగా కూడా బూడిదగా ఉంటే ఎక్కడో లైటు తగిలింది, లేకుంటే ఫిల్మే పాతబడింది. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

ఇంకో పని చెయ్యి. న్యూస్ పేపరు మీద నెగటివ్‌ను ఆనించి పెట్టి, అన్నిటికన్నా నల్లగా ఉన్న చోటు గుండా చూడు. అక్షరాలు కాస్త కష్టపడైనా చదవగలిగితే ఆ నెగటివ్‌కు ప్రింటు వస్తుంది. రెండు కవర్లూ విడివిడిగా చూసి రాయి.

చంద్రగిరి కోట

పెద్దాయన మాటకు కొన్ని లెక్కలు కలుపుతాను. మామూలుగా డెవలప్ చేసిన ఫిల్మ్‌లో మనమిచ్చిన ఎక్స్‌పోజర్ (వెలుగు) అంతా సాంద్రతగా, అంటే నలుపుగా, మారదు, సుమారు పదింట ఆరు వంతులే మారుతుంది. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు. 3 స్టాపులు ఎక్కువైతే అది లాగ్ లెక్కలో 0.9. నెగటివ్‌లో పెరిగే సాంద్రత సుమారు 0.54. ఎన్‌లార్జర్ దగ్గర 0.3 సాంద్రతకు ఒక స్టాపు. అంటే కెమెరాలో 3 స్టాపులు ఎక్కువైన ఫ్రేముకు ప్రింటు టైము మూడున్నర రెట్లు అవుతుంది, అంతే. మామూలు ఫ్రేముకు 12 సెకన్లు ఇస్తుంటే దీనికి 40 సెకన్ల పైచిలుకు. కంటికి భయంకరంగా కనిపించే నెగటివ్ ఎన్‌లార్జర్ కింద అంత మొండిగా ఉండదు. గ్రెయిన్ మాత్రం కాస్త పెరుగుతుంది, షార్ప్‌నెస్ కొంచెం తగ్గుతుంది.

ఇంకో మాట. ఏం చేసినా చేయకపోయినా ముందు ప్రతి ఫ్రేమునూ లైట్ ప్యాడ్ మీద పెట్టి మంచి మాక్రో లెన్స్‌తో ఫోటో తీసి దాచు తమ్ముడూ. ఎక్స్‌పోజర్ పెంచితే దట్టమైన నెగటివ్ కూడా అందుతుంది.

తాతయ్యగుంట వీధి

చూశాను సార్. రెండు కవర్లూ ఒకటి కావని ఇప్పుడే తెలిసింది.

మొదటి కవరులో అంచు అక్షరాలు సన్నగా, స్పష్టంగా ఉన్నాయి. ఫ్రేముల మధ్య జాగా అద్దంలా ఉంది. తోటి వేషం ఫ్రేముల్లో ఏ చోటైనా పేపరు అక్షరాలు చదవగలుగుతున్నాను. బైరాగి వేషం ఫ్రేముల్లో ఒంటికి తెల్లటి నామం కొమ్ము పూసుకున్న చోట మాత్రం హెడ్డింగులే తెలుస్తున్నాయి, చిన్న అక్షరాలు తెలియడం లేదు.

రెండో కవరులో అంచు నంబర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. 8 అంకె లోపలి సున్నాలు పూడిపోయాయి. ప్రింటులో తెల్లగా రావాల్సిన చోటు గుండా హెడ్డింగులు కూడా కనిపించవు.

పాత ఎన్‌లార్జర్, చిత్తూరు

చక్కగా చూశావు. ఇక మొదటి కవరును ఏ మందులోనూ ముంచొద్దు. ఎందుకో చెప్తాను.

ఫార్మర్స్ రెడ్యూసర్‌ను ఒకే ద్రావణంగా వాడితే అది నెగటివ్ అంతటా దాదాపు సమానంగా వెండిని కోసేస్తుంది. షాడోలో (బొమ్మలో చీకటి చోట) కొంత, హైలైట్‌లో (వెలుగు చోట) అంతే. ఓవర్ ఎక్స్‌పోజ్ అయిన నెగటివ్‌కు అదే సరైన మందని పుస్తకాల్లో రాస్తారు, నిజమే. కానీ అంతటా సమానంగా ఉన్న అదనపు నలుపును దాటడానికి ఎన్‌లార్జర్‌లో టైము పెంచినా చాలు. మందు చేసే పనే లైటు కూడా చేస్తుంది, నెగటివ్‌కు ఏమీ కాదు. చిత్తూరులో స్టూడియోలకు ప్రింట్లు వేసి బతికినవాణ్ణి. ఓవర్ నెగటివ్ వస్తే మేము పెంచింది టైమే. సీసా తీసింది చాలా అరుదు.

పైగా తోటి వేషం ఫ్రేములను చూడు. ఒళ్లంతా బొగ్గు పూసుకున్న మనిషి. సరిగ్గా ఎక్స్‌పోజ్ చేసుంటే ఆ ఒళ్లు నెగటివ్‌లో గాజులా ఖాళీగా ఉండేది, ప్రింటులో నల్లటి ముద్ద వచ్చేది. మీ మామయ్య వెలుగు ఎక్కువ ఇవ్వడం వల్ల ఆ బొగ్గు కింద చర్మం కూడా ఫిల్మ్ మీద పడింది. రెడ్యూసర్ ముందు తినేది దాన్నే, అక్కడున్న వెండి తక్కువ కాబట్టి. ఆ ఫ్రేములు నీకు దొరికిన అదృష్టం, ముట్టుకోవద్దు.

ప్రింటు పద్ధతి చెప్తాను. లెన్స్‌ను ఎఫ్ 11లో కాకుండా ఎఫ్ 5.6లో పెట్టు, రెండు స్టాపులు అక్కడే కలిసొస్తాయి. అంతకన్నా తెరిస్తే మూలలు మెత్తబడతాయి. ఫోకస్ మాత్రం మామూలు నెగటివ్‌తో చేసుకుని, తర్వాత దీన్ని పెట్టు, దట్టమైన దాంట్లో కంటికి గ్రెయిన్ దొరకదు. లైటు ఎక్కువసేపు వెలిగితే నెగటివ్ వేడెక్కి మధ్యలో ఉబ్బుతుంది, ఫోకస్ పోతుంది. నెగటివ్‌ను గాజు పలకల మధ్య పట్టి ఉంచే క్యారియర్ ఉంటే వాడు. లేకుంటే టైమును ముక్కలు చేసి, మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వు.

ఎన్‌లార్జర్ తల చుట్టూ లైటు కారుతోందేమో, డార్క్‌రూమ్‌లో వెలిగించే సేఫ్‌లైటు నిజంగా సేఫేనా అన్నది కూడా చూసుకో. పొట్టి టైములకు బయటపడని పొగ (పేపరు మీద పడే అనవసరపు బూడిద) నిమిషాల లెక్కలో బయటపడుతుంది. పేపరుకు లేత బూడిద వచ్చేంత లైటు ముందే చూపించి, మీద ఒక రూపాయి నాణెం పెట్టి, సేఫ్‌లైటు కింద ఐదారు నిమిషాలు ఉంచి కడుగు. నాణెం గుండ్రం కనిపిస్తే సేఫ్‌లైటును దూరం జరపాలి.

బైరాగి ఫ్రేములకు మాత్రం పేపరును ప్రీఫ్లాష్ చెయ్యి, అంటే ప్రింటుకు ముందే కాస్త లైటు చూపించు. నెగటివ్ తీసేసి, లెన్స్ ఎఫ్ 16కు మూసి, ఒక్కో సెకను చొప్పున టెస్ట్ స్ట్రిప్ వెయ్యి. మొదటిసారి బూడిద ఎక్కడ కనిపించిందో చూసి, దానికి ఒక మెట్టు తక్కువ టైము ప్రతి పేపరుకూ ముందే ఇవ్వు. దాంతో పేపరు మెలకువలో ఉంటుంది, నామం కొమ్ము గుండా వచ్చే కాస్త వెలుగుకే రంగు తేలుతుంది.

హైపో వాసన

పెద్దాయన చెప్పినదాంట్లో తొంభై పాళ్లు ఒప్పుకుంటాను. తిరుపతిలో కెమిస్ట్రీ చెప్తాను, సొంత డార్క్‌రూమ్ ఉంది. రెండు చోట్ల నా మాట వేరు.

ఒకటి, ప్రీఫ్లాష్ తెలుపుకు రంగు ఇస్తుంది గానీ వివరం ఇవ్వదు. నామం కొమ్ము సాంద్రత ఫిల్మ్ ఇక పెద్దగా నల్లబడలేని స్థాయికి చేరిపోయుంటే తెలుపుకూ తెలుపుకూ మధ్య తేడా అక్కడే నలిగిపోయి ఉంటుంది. ప్రీఫ్లాష్ దాన్ని చదునైన బూడిదగా చేసేస్తుంది. ఫిల్టర్‌తో కాంట్రాస్ట్ మార్చుకునే మల్టీగ్రేడ్ పేపరు వాడుతుంటే మొత్తం బొమ్మను 2 నంబరు ఫిల్టర్‌తో వేసి, ఆ ఒంటి భాగాన్ని మాత్రం 4 నంబరుతో బర్న్ చెయ్యి (ఆ చోటికే అదనంగా లైటు ఇవ్వు). చాలాసేపు పడుతుంది, కానీ మిగిలిన కాస్త తేడా తేలుతుంది. ఇల్ఫోర్డ్ ఫిల్టర్లలో మూడున్నర దాకా టైము ఒకటే, 4, 5 లకు రెట్టింపు అని గుర్తుంచుకో.

రెండు, ఆ రెండో కవరు. అది ఎక్కువగా డెవలప్ చేసిన నెగటివ్ కూడా. అక్కడ షాడోలు కొంచెమే పెరిగి హైలైట్లు విపరీతంగా పెరిగాయి. టైము పెంచితే తెలుపు వచ్చేలోపు షాడోలు బొగ్గైపోతాయి, కాంట్రాస్ట్ అన్నిటికన్నా తక్కువిచ్చే 00 ఫిల్టర్ పెట్టినా పేపరు పరిధి చాలకపోవచ్చు. అలాంటి దానికి మందు అవసరమే, కానీ ఒకే ద్రావణం ఫార్మర్స్ కాదు. రెండు ద్రావణాలుగా విడదీసి వాడాలి. అప్పుడు అది ఎక్కడ వెండి ఎక్కువుంటే అక్కడ ఎక్కువ తీస్తుంది. కొడాక్ వాళ్ల ఆర్-4బి ఫార్ములా అదే.

మొదటి ద్రావణం: పొటాషియం ఫెర్రిసైనైడ్ 7.5 గ్రాములు, నీళ్లు కలిపి 1 లీటరు. రెండోది: హైపో (సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు) 200 గ్రాములు, నీళ్లు కలిపి 1 లీటరు. బాగా నానిన నెగటివ్‌ను మొదటిదాంట్లో 1 నుంచి 4 నిమిషాలు, ట్రేను ఆపకుండా ఊపుతూ ఉంచాలి. తర్వాత రెండోదాంట్లో 5 నిమిషాలు. కడిగి చూసి, చాలకపోతే మళ్లీ మొదటినుంచి. ఉష్ణోగ్రత 18 నుంచి 21 డిగ్రీలు. ఇదంతా మామూలు లైటులోనే, కళ్లతో చూస్తూ చేసుకోవచ్చు.

కొనేటప్పుడు జాగ్రత్త. ఫెర్రిసైనైడ్ ఎర్రటి స్ఫటికాలు. ఫెర్రోసైనైడ్ పసుపుగా ఉంటుంది, అది ఇచ్చేస్తే నీ నెగటివ్‌కు ఏమీ కాదు, పని కూడా జరగదు. సైనైడ్ అన్న పేరుకు హడలిపోనక్కర్లేదు, కానీ బలమైన యాసిడ్ దగ్గరికి రానివ్వొద్దు, వేడి చేయొద్దు. విషవాయువు పుడుతుంది. చేతులకు గ్లవ్స్, కిటికీ తెరిచి ఉండాలి.

చంద్రగిరి కోట

అక్కా, ఒక చిన్న చేర్పు. ఇది చదివేవాళ్లలో ఎక్స్‌పీ2 లాంటి ఫిల్మ్ వాడేవాళ్లుంటే రెడ్యూసర్ జోలికి పోవద్దు. కలర్ ఫిల్మ్ పద్ధతిలో కడిగేవి కాబట్టి వాటిలో చివరికి మిగిలేది రంగే, వెండి కాదు. ఈ మందుకు అక్కడ పనే లేదు.

కల్యాణి డ్యామ్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. తలకోనలో తీసిన ఒక రోలు ఇంకా కడగలేదు. 400 ఫిల్మ్, కెమెరా డయల్ 100 మీద ఉండిపోయింది. మొత్తం రోలు రెండు స్టాపులు ఓవర్. ఇప్పుడేమైనా చేయొచ్చా?

చంద్రగిరి కోట

నీ పని అందరికన్నా తేలిక అన్నా, ఇంకా కడగలేదు కదా. డెవలపర్ టైము 25 నుంచి 30 శాతం తగ్గించు. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్ అయితే ఐడీ-11 డెవలపర్‌ను నీళ్లు కలపకుండా వాడితే 20 డిగ్రీల దగ్గర 7.5 నిమిషాలు. అందులోంచి తగ్గిస్తే మరీ పొట్టిగా అయిపోయి మచ్చలుగా డెవలప్ అవుతుంది. అందుకే సగానికి సగం నీళ్లు కలిపి వాడు. మామూలుగా 13 నిమిషాలు, నీకు 9 నుంచి తొమ్మిదిన్నర. తలకోన చెట్ల నీడల్లో వివరం బాగా వచ్చుంటుంది, నీటి తెలుపు కూడా అదుపులో ఉంటుంది.

తాతయ్యగుంట వీధి

అక్కా, నీళ్ల సంగతి అడగాలి. ఇప్పుడు మా మేడ మీద సింటెక్స్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడి. 20 డిగ్రీలు ఎక్కడినుంచి తేవాలి?

హైపో వాసన

తెల్లవారుజామున పెట్టుకో. ట్యాంకు నీళ్లు కాకుండా ముందురోజు రాత్రే బిందెల్లో పట్టి ఇంట్లో ఉంచుకో. ద్రావణాల్లో ఐసు వేయొద్దు, గాఢత మారిపోతుంది. పెద్ద బేసిన్‌లో ఐసు నీళ్లు పోసి ట్రేలను అందులో పెట్టు.

అన్నిటికన్నా ముఖ్యం, అన్ని నీళ్లూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. 20 డిగ్రీల ద్రావణంలోంచి తీసి 34 డిగ్రీల కుళాయి కింద పెడితే ఉబ్బిన జెలటిన్ ముడతలు పడుతుంది. ఆ ముడతలు మళ్లీ పోవు. అన్నీ 22 దగ్గర పెట్టగలిగితే 22లోనే చెయ్యి, ఇబ్బంది లేదు. ద్రావణాలు కలపడానికి, ఆఖరి జాలింపుకు డిస్టిల్డ్ వాటర్ వాడు. బోరు నీళ్లైతే ఆరాక సున్నపు చుక్కలు నిలుస్తాయి.

పాత ఎన్‌లార్జర్, చిత్తూరు

అమ్మా, రెండో కవరు గురించి మీ మాట కాదనను. కానీ ఈ అబ్బాయి నెగటివ్‌లు ఎప్పటివో, ఆ రోజుల్లో ఫిక్సింగ్, అంటే డెవలప్ అయ్యాక బొమ్మను నిలబెట్టే పని, ఎలా చేశారో మనకు తెలియదు. సరిగ్గా కడగని నెగటివ్‌లో హైపో మిగిలుంటే ఫెర్రిసైనైడ్ తగలగానే ఆ చోట మచ్చలుగా తినేస్తుంది. అందుకని ముందు కొత్త ఫిక్సర్‌లో ఒకసారి వేసి, బాగా కడిగి, అప్పుడే మొదలుపెట్టమనండి. మంచి ఫ్రేముతో మొదలుపెట్టకూడదు. ప్రతి రోలులోనూ కళ్లు మూసుకున్నదో, చెయ్యి అడ్డం వచ్చినదో ఒకటి ఉంటుంది. దాంతో చూడాలి.

బాబూ, ఆరు ఫ్రేముల ముక్కలో ఒక్కదానికే మందు కావాలంటే సగం వరకు ముంచి పట్టుకునే సాహసం చేయొద్దు. ద్రావణం అంచు గీత పక్క ఫ్రేములో పడుతుంది. ఫ్రేముల మధ్య ఖాళీలో కత్తిరించు. మనసొప్పదు, కానీ గీత పడటం కన్నా అదే నయం.

హైపో వాసన

ఫిక్సర్ మాట వందశాతం నిజం పెద్దాయనా, నేనే ముందు చెప్పాల్సింది. ఇంకొకటి, కావలసినంత పలచబడే దాకా ఆగొద్దు. కాస్త ముందే తీసెయ్యాలి, హైపోలోకి వెళ్లాక ఇంకా తగ్గుతుంది.

తాతయ్యగుంట వీధి

అందరికీ ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. ఏం జరిగిందో రాస్తాను.

తోటి వేషం ఫ్రేములు మందు లేకుండా, టైము పెంచి వేశాను. పెద్దాయన చెప్పినట్టే ఉంది. మోచేతి దగ్గర బొగ్గు పూసిన వేళ్ల జాడలు నాలుగూ విడివిడిగా కనిపిస్తున్నాయి, చెమట కారిన చోట బొగ్గు చెదిరి చర్మం మెరుస్తోంది. నడుముకు చుట్టుకున్న వేపాకు రెబ్బల్లో ఆకు ఈనెలు కూడా తెలుస్తున్నాయి.

బైరాగి ఫ్రేములకు రెండు పద్ధతులూ వేసి చూశాను. ప్రీఫ్లాష్‌తో ఒళ్లు బూడిదగా వచ్చింది, ముఖానికి బాగా కుదిరింది, ఛాతీ మాత్రం గోడకు సున్నం కొట్టినట్టుంది. 4 నంబరుతో ఛాతీని బర్న్ చేశాక నామం కొమ్ము ఎండి పగిలిన బీటలు బయటికొచ్చాయి. చివరికి ముఖానికి పెద్దాయన పద్ధతి, ఛాతీకి అక్క పద్ధతి కలిపి ఒకే ప్రింటు వేశాను.

రెండో కవరులో చెయ్యి అడ్డం వచ్చిన ఫ్రేముతో మొదలుపెట్టాను. ముందు కొత్త ఫిక్సర్, తర్వాత కడగడం, ఆ తర్వాతే మందు. పసుపు ద్రావణంలో ఉన్నంతసేపూ పెద్దగా మార్పు కనిపించలేదు, హైపోలో వేశాకే పలచబడటం తెలిసింది. అది బాగా రావడంతో మిగిలినవీ చేశాను. న్యూస్ పేపరు మీద పెడితే ఇప్పుడు హెడ్డింగులు చదవగలుగుతున్నాను. 1 నంబరు ఫిల్టర్‌తో ప్రింటు వస్తోంది. కానీ నెగటివ్‌లకు ఇంకా లేత పసుపు ఉంది. అది పోతుందా?

హైపో వాసన

పోతుంది, కడగడం చాలలేదంతే. ముందు కొత్త ఫిక్సర్‌లో రెండు నిమిషాలు ఉంచి మళ్లీ కడుగు. నీళ్లు వృథా కాకుండా ఇల్ఫోర్డ్ పద్ధతి ఉంది. ట్యాంకు నింపి 5 సార్లు తిరగేసి పారబోయాలి, కొత్త నీళ్లతో 10 సార్లు, మళ్లీ కొత్త నీళ్లతో 20 సార్లు. అది గట్టిపరిచే మందు లేని ఫిక్సర్‌కు. నీ ఫిక్సర్‌లో పటిక కలిసుంటే మాత్రం పారే నీళ్లలో అరగంట ఉంచాలి. నీళ్ల ఉష్ణోగ్రత మర్చిపోకు.

మిగిలిన ఫెర్రిసైనైడ్ ద్రావణాన్ని బ్రౌన్ సీసాలో చీకట్లో పెట్టు, వెలుగు తగిలితే పాడవుతుంది. సీసా మీద పేరు పెద్దక్షరాలతో రాయి, ఇంట్లో పిల్లలుంటే తాళం పెట్టు. వాడేసిన హైపో మొక్కలకు పోయొద్దు, అందులో వెండి కరిగి ఉంది. విడిగా డబ్బాలో పోసి పెట్టు, మా కాలేజీ ల్యాబు వ్యర్థాలతో పాటు నేను పంపిస్తాను.

కల్యాణి డ్యామ్

నా రోలు కూడా కడిగాను, 9 నిమిషాలు. నెగటివ్‌లు కాస్త దట్టంగానే ఉన్నాయి గానీ న్యూస్ పేపరు చిన్న అక్షరాలు చదవగలుగుతున్నాను. చంద్రగిరి అన్నకు థాంక్స్. ప్రింట్లు ఈ ఆదివారం వేస్తాను.